చెప్పని ఓటు

అరవై ఏడులో ఓట్లు పడిన మర్నాడు, రాజాం నుంచి చీపురుపల్లి వెళ్లే బస్సులో నా పక్కన ఒక నడివయసు ఆడమనిషి కూర్చుంది. ఆమె వేలి మీద సిరా ఇంకా నల్లగా ఉంది. ముందు సీట్లోని పెద్దమనిషి వెనక్కి తిరిగి ఆమెను గుర్తుపట్టాడు.

“ఏటే, ఓటెవులికేసినావు?”

“ఎవులికీ సెప్పక్కర్నేదని ఓటుకాడ ఆపీసరు బాబు సెప్పినాడు. మా ఇంటాయనకే సెప్పనేదు బాబూ.”

“నా బూమి కౌలుకి సేస్తూ నాకే సెప్పవా? వచ్చే ఏడు ఆ మడి ఎవులు దున్నుతారో సూస్తాను.”

ఆమె తల దించలేదు, గొంతూ పెంచలేదు.

“బూమి తీసేస్తే కూలికెల్తాను బాబూ. ఓటు మాత్రం సెప్పను.”

ఆయన మొహం తిప్పుకున్నాడు. తర్వాతి ఊళ్లో ఆమె చోళ్ల మూట, అదే రాగుల మూట, నెత్తిన పెట్టుకుని దిగిపోయింది. బస్సు లేపిన దుమ్ములో ఆమె కనుమరుగయ్యేదాకా చూస్తూనే ఉన్నాను. పొలం ఆమెకు మిగిలిందో లేదో నాకు తెలియదు. అంత ధైర్యాన్ని అంత దగ్గరగా మళ్లీ ఎప్పుడూ చూడలేదు.

తర్వాతి ఎన్నికల్లో ఓటేసి ఇంటికొచ్చాక, ఎవరికేశావని మావారు అడిగారు. నవ్వి, అన్నం వడ్డించాను.