పాత బజార్లో ఆడవాళ్ళ గది

గాజుల కొట్టు పిన్ని పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను లైనింగు గుడ్డ చింపుతున్నాను. మెంతి రంగు చీరకి మ్యాచింగ్ అడిగింది ఓ కొత్త కోడలు. అత్తగారు పక్కనే నిలబడి కొలత చూస్తోంది. ఫోన్లో పిన్ని కూతురు, రేపల్లె నుంచి. "అక్కా, అమ్మ పొద్దున నమాజుకి లేవలేదు," అంది. "సరేనమ్మా, వస్తున్నా," అన్నాను. ఫోను కౌంటరు మీద పెట్టి, గుడ్డ చింపడం పూర్తి చేసి, మడిచి కవర్లో పెట్టాను. ఫాల్ కూడా కావాలంటే ఇచ్చాను. రంగు కుదిరిందో లేదో గుమ్మంలోకి తీసుకెళ్ళి వెలుతుర్లో చూపించాను కూడా. వాళ్ళు వెళ్ళాక షట్టరు దించాను.

ఇది రాస్తున్న ఇప్పటికీ అట్టాగే ఉంది. ఏడుపొస్తుందేమోనని చూస్తున్నాను, రావడం లేదు. కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను.

తెనాలి పాత బజార్లో మా మ్యాచింగ్ సెంటరూ, పిన్ని గాజుల కొట్టూ ఒకే గోడకి అటూ ఇటూ ఉండేవి. పాతకాలపు మేడ అది. కింద కొట్లు, పైన వరండా, ముందు టేకు స్తంభాలు. పిన్ని మాకు చుట్టం కాదు. వాళ్ళు ముస్లిములు, ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటారు. మేము పొలాలమ్ముకుని వ్యాపారంలోకి దిగిన రైతులం. పెళ్ళయ్యాక మా మామగారి కొట్లో నేను మొదటిసారి కూర్చున్న రోజు గోడ అవతలి నుంచి "అమ్మాయ్, టీ తాగుతావా?" అని వినపడింది. "తాగుతా పిన్నీ," అన్నాను. చుట్టరికం అంతే, అప్పట్నించీ మారలేదు.

గాజులు తొడగడం ఆవిడ దగ్గర చూడాలి. బిగుసుకున్న చెయ్యి పట్టుకుని "వదిలెయ్ తల్లీ, ఈ చెయ్యి కాసేపు నాది," అనేది. తర్వాత చేతి సంగతే ఎత్తేది కాదు. మీ ఊళ్ళో నాట్లయినయ్యా, మీ తమ్ముడు పాసయ్యాడా అని అడిగేది. ఆ పిల్ల జవాబు చెప్పేలోపు గాజులు ఎముక దాటి మణికట్టు మీదుండేవి. పొరపాటున ఒకటి చిట్లితే ఆ ముక్క పెళ్ళికూతురి కంట పడకుండా గుప్పిట్లో మూసుకునేది. వాళ్ళు వెళ్ళాక చెయ్యి విప్పితే ఒక్కోసారి రక్తం ఉండేది.

అట్టాగని మెత్తని మనిషి కాదు. ఓ అత్తగారు కోడలి చెయ్యి లావని ఎద్దేవా చేస్తుంటే గాజుల పెట్టె మూసేసింది. "గాజులు కొంటారా, పిల్లని తిడతారా? రెండూ నా కొట్లో కుదరవండి," అంది. ఆవిడ గాజులు కొనిచ్చి వెళ్ళింది.

సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోకీ వస్తున్న రోజుల్లో మా బజారు పల్చబడడం మొదలైంది. పెళ్ళి బట్టలకి జనం గుంటూరు, బెజవాడ పోతున్నారు. అక్కడ ఏసీ, లిఫ్టు, కూల్‌డ్రింకు ఇచ్చి మర్యాద చేసే షోరూములు. ఇక్కడ ఇరుకు రోడ్డు, మూతల్లేని సైడు కాలవలు, సరుకు దించుకునే లారీలు. కొన్ని సాయంత్రాలు నేనూ పిన్నీ గోడకి చెరోవైపు కూర్చుని బేరాల్లేక కబుర్లు చెప్పుకునేవాళ్ళం.

అప్పుడే మున్సిపాలిటీ నుంచి ఒక ఆఫీసరుగారు వచ్చి వర్తక సంఘం హాల్లో మీటింగు పెట్టారు. నెమ్మదైన మనిషి. "ఈ బజారుకి మళ్ళీ కళ రావాలంటే ఏం చెయ్యాలో మీరే చెప్పండి. ఇక్కడ బతికేది మీరు," అన్నారు.

బంగారం కొట్టాయన బజారు మొదట్లో లైట్లతో పెద్ద ఆర్చి కట్టాలన్నారు. ఇత్తడి సామాన్ల షావుకారుగారు సైడు కాలవల మీద పలకలు వెయ్యాలన్నారు. ఓ రిటైరైన మాస్టారు ఈ మేడల్లో ఒక్కటీ పడగొట్టొద్దు, టేకు స్తంభాలకి పాలిషు పెట్టి గోడలకి రంగులేస్తే చూడ్డానికే జనం వస్తారన్నారు. కుర్రాళ్ళు ఫౌంటెన్ కావాలన్నారు. అన్నీ మంచి మాటలే, ఆఫీసరుగారు అన్నీ రాసుకున్నారు. ఆడవాళ్ళం కొద్దిమందిమి వెనక వరసలో ఉన్నాం. పిన్ని కొంగు తలమీదికి సర్దుకుని లేచింది.

"అయ్యా, నాదో మాటండి. బజారుకొచ్చే ఆడవాళ్ళకి ఓ గది కావాలండి. కూర్చోడానికి బల్లలు, పిల్లలకి పాలిచ్చుకోడానికి కాస్త మరుగు, మంచినీళ్ళు, ఓ బాత్రూము."

ముందు వరసలో ఎవరో నవ్వారు. "బజారు బాగుచెయ్యమంటే బాత్రూమంటదేంటండీ ఈవిడ!"

పిన్ని ఆయన వైపు చూడలేదు. ఆఫీసరుగారితోనే చెప్పింది. "మా దగ్గర కొనేదెవరండి? ఆడవాళ్ళు. రేపల్లె నుంచి, కర్లపాలెం నుంచి, పిట్టలవానిపాలెం నుంచి తెల్లారి బయల్దేరి వస్తారు. సాయంత్రం ఇంటికి పోయేదాకా గుక్కెడు నీళ్ళు తాగరు. ఎందుకు తాగరో మీ ఇళ్ళల్లో అడగండి. మొన్న సీమంతం గాజులకొచ్చిన పిల్ల మా మెట్ల మీదే కళ్ళు తిరిగి పడిపోయిందండి. నీళ్ళిస్తే వద్దంది. తాగు తల్లీ అంటే, 'తాగితే ఎక్కడికెళ్ళను పిన్నీ?' అంది. కడుపుతో ఉన్న పిల్లండి. దానికేం చెప్పను నేను?"

ఆఫీసరుగారు పెన్ను కింద పెట్టారు. "మంచి మాటమ్మా. స్థలం ఎక్కడుంది?"

గది కావాలని అందరూ ఒప్పుకున్నారు. తమ కొట్టు పక్కన మాత్రం వద్దన్నారు. బంగారం కొట్టాయనైతే, "మాది లక్ష్మి ఉండే చోటండీ, ఎట్టా కుదురుతుంది?" అన్నారు.

"ఇంటికొచ్చిన ఆడపిల్లని లక్ష్మి అంటారు గదండీ మీరు," అంది పిన్ని. ఆయన కూర్చున్నారు. "సరే, ఎవర్నీ ఇబ్బంది పెట్టనులెండి. నా కొట్టు వెనకాల గోడౌనుంది. మా ఆయన పోయాక అందులో అట్టపెట్టెలు తప్ప ఏం లేవు. పక్కసందులోంచి దారి కూడా ఉంది. తీసుకోండి. పైపులు మీరు వేయించండి."

తిరిగొస్తుంటే అడిగాను. "ఏంటి పిన్నీ, ఇంట్లో చెప్పావా?"

"ఇప్పుడెళ్ళి చెబుతా. ముందే చెబితే వద్దంటారుగా."

పైపులు పడ్డాయి, టైల్స్ వేశారు, బల్లలొచ్చాయి. తెరిచిన కొత్తలో గదిలోకి ఒక్కరూ వెళ్ళలేదు. మగవాళ్ళు తిరిగే బజార్లో బాత్రూమెక్కడని అడగడానికి ఆడవాళ్ళకి నోరు రాలేదు. పిన్ని దీనికో ఉపాయం చేసింది. ఇంట్లో ఉన్న నిలువుటద్దం మోయించి గదిలో పెట్టించింది. గాజులు తొడిగాక, "లోపల పెద్దద్దం ఉంది తల్లీ, చూసుకుని రా," అనేది. వాళ్ళకి అర్థమయ్యేది. కొన్నాళ్ళకి బజారంతా అదే మాటైపోయింది. నా దగ్గర జాకెట్ ముక్కలు కొనేవాళ్ళు కూడా గొంతు తగ్గించి, "అద్దం ఎటండీ?" అని అడిగేవాళ్ళు.

ఊడ్చే మనిషి రాని రోజున పిన్ని చీర కుచ్చెళ్ళు ఎగదోపి చీపురు పట్టుకునేది. నేను నీళ్ళు పోసేదాన్ని. "నువ్వెందుకు పిన్నీ?" అంటే, "మనింట్లోది మనం కడుక్కోమా?" అనేది. రంజాన్ నెలలో ఉపవాసం ఉండి కూడా కడిగేది. సాయంత్రం మసీదు నుంచి బాంగు వినపడ్డాక ఒక ఖర్జూరం తను నోట్లో వేసుకుని, ఇంకోటి గోడ పక్కనుంచి చెయ్యి చాపి నాకు అందించేది.

బజారుకి పాత రోజులేం తిరిగి రాలేదు. ఆర్చి కట్టారు. ఫౌంటెన్ మాట అందరూ మర్చిపోయారు. కానీ బాపట్ల వైపు పల్లెల నుంచి ఆడవాళ్ళు పిల్లల్నీ, ముసలివాళ్ళనీ వెంటబెట్టుకుని మళ్ళీ రావడం మొదలుపెట్టారు. తెనాలైతే కాసేపు నడుం వాల్చొచ్చని చెప్పుకునేవాళ్ళట. ఇత్తడి షావుకారుగారు ఒకసారి మా కొట్టు ముందు ఆగి, "మీ పిన్నిగారి గదికొచ్చి నా దగ్గర బిందెలు కొంటున్నారమ్మా," అన్నారు.

తర్వాత రోడ్డు వెడల్పు చెయ్యడం వచ్చింది. అందరి కొట్లకీ ఎర్ర రంగుతో గీతలు పెట్టారు. కొట్టేసే రోజున రిటైరైన మాస్టారు వచ్చి, మా ముందున్న టేకు స్తంభం మీద చెయ్యేసి కాసేపు నిలబడి వెళ్ళిపోయారు. సాయంత్రానికి అది లేదు. నా కొట్టు సగమైంది. పిన్ని కొట్టు ఇంకా లోతు తక్కువ. ఒక మనిషి గోడకానుకుని కూర్చుంటే ఇంక చోటు లేదు.

పిన్ని కొడుకు చీరాలలో ఉంటాడు. నెమ్మదస్తుడు. వచ్చి తల్లి పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. "అమ్మా, ఆ గది వెనక్కి తీసుకుందాం. ఇచ్చినప్పుడు మనకి ముందు కొట్టుంది కాబట్టి ఇచ్చావు. ఇప్పుడు లేదు గదా. ఎవరూ తప్పనరు," అన్నాడు.

అతని మాట నాకూ సబబే అనిపించింది. "అబ్బాయి చెప్పింది నిజమే పిన్నీ," అన్నాను.

పిన్ని లేచి గాజుల పెట్టెలు సర్దుకుంది. మర్నాడు పొద్దున గాజుల పెట్టెల మీద దుమ్ము తుడుచుకుంటూ, మా ఇద్దరికీ కలిపి చెప్పింది. "ముందరిది రోడ్డుకి పోయింది. వెనకది ఆడోళ్ళకిచ్చా. మధ్యలో మిగిలిందాంట్లో నేను పడతా. ఇచ్చింది అడుక్కునే పని నాతో కాదు."

"నీకు కొట్టు కంటే ఆ గది ఎక్కువైందా?" అన్నాడు కొడుకు.

"నాకు కొట్టుంటే చాలు నాన్నా. వాళ్ళకి ఇంకెక్కడా లేదు."

అతను కోపంగా బస్సెక్కాడు. చాలా రోజులు ఫోను చెయ్యలేదు. పిన్నికి సెల్లు లేదు. రోజూ నా సెల్లు వైపు చూసేది, అడిగేది కాదు. ఒక ఆదివారం అతనే వడ్రంగిని వెంటబెట్టుకుని వచ్చి, గోడ పొడుగునా పైకప్పు దాకా అరలు కొట్టించాడు. పై అరలో గాజులు అందుకోడానికి కొక్కెం పెట్టిన కర్ర కూడా చేయించాడు. ఆ పూట వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. అతను వెళ్ళాక పిన్ని ఆ కర్రతో పనున్నా లేకపోయినా గాజులు దించుతూ, మళ్ళీ పెడుతూ కూర్చుంది.

లావుపాటి మనిషి, ఆ ఇరుకులో పక్కకి తిరిగి కూర్చునేది. ఇత్తడి గాజులూ, ఫ్యాన్సీ సామానూ మానేసి మట్టి గాజులొక్కటే అమ్మింది. ఆయాసం ఎక్కువయ్యాక కూతురు రేపల్లె తీసుకెళ్ళింది. నేను చూడ్డానికి వెళ్తే, ఎలా ఉన్నావని అడగనివ్వకుండానే, "గది ఎవరు కడుగుతున్నారు?" అంది.

"ఎవరో ఒకరు కడుగుతున్నారులే పిన్నీ."

"ఎవరో ఒకరంటే ఎవరూ లేరని అర్థం. పేరు చెప్పు."

"నేనే కడుగుతున్నా."

"అట్టా చెప్పు మరి," అని కళ్ళు మూసుకుంది. ఆవిడతో అదే నా ఆఖరి మాట.

ఫోను వచ్చిన రోజు రేపల్లె పాసింజరెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. దారంతా పొలాలు చూస్తూనే ఉన్నాను, ఒక్కటీ గుర్తులేదు. నేను వెళ్ళేసరికి స్నానం చేయించి తెల్లగుడ్డ చుట్టారు. ముఖం చూపించారు. నిద్రపోతున్నట్టేం లేదు, పోయినట్టే ఉంది. ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను. ఎవరో టీ ఇచ్చారు, తాగాను. కూతురు నా భుజం మీద తలపెట్టి ఏడుస్తుంటే వీపు నిమిరాను. మగవాళ్ళు జనాజా భుజాలకెత్తుకున్నప్పుడు మేమంతా గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాం.

కొడుకు వీధిలోకి వెళ్ళినవాడు, భుజం ఇంకొకరికిచ్చి వెనక్కొచ్చాడు. "అక్కా, కొట్టు కొన్నాళ్ళు తెరవలేను," అన్నాడు. వెళ్ళబోతూ ఆగి, "గది మాత్రం రేపొద్దున తెరువక్కా. అది మూయొద్దు," అన్నాడు. నేను తలూపాను. అతను పరుగులాంటి నడకతో వాళ్ళని కలుసుకున్నాడు.

మర్నాడు గది కడిగి తలుపులు తీశాను. మధ్యాహ్నం ఎండలో ఓ పెళ్ళివారొచ్చారు, కర్లపాలెం నుంచట. గాజుల కొట్టు మూసి ఉంటే ఇవాళ సెలవేమో అనుకున్నారు. వాళ్ళకి అద్దం ఎటో చూపించాను. కాసేపటికి మంచినీళ్ళున్నాయో లేదో చూద్దామని వెనక్కి వెళ్ళాను. బల్లల మీద ఆడవాళ్ళు నిండా ఉన్నారు. ఒకావిడ గోడవైపు తిరిగి బిడ్డకి పాలిస్తోంది. ఓ ముసలామె చెప్పులు విడిచి పాదాలు నొక్కుకుంటోంది. ఎవరో ఏదో అంటే అందరూ నవ్వుతున్నారు.

"నిలబడ్డారేంటక్కా, రండి, కూర్చోండి," అని ఒకమ్మాయి పక్కకి జరిగింది. నేనెవరో ఆమెకి తెలీదు. ఇన్నేళ్ళలో ఆ గదిలో కడగడానికి తప్ప నేనెప్పుడూ ఆగలేదు. కూర్చున్నాను. ఆమె ఒళ్ళో చిన్నపిల్ల నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఒక కాలికి చెప్పుంది, రెండోది ఎక్కడో జారిపోయింది. నిద్రలోనే చెయ్యి చాపి నా కొంగు అంచు పట్టుకుంది. వాళ్ళ అమ్మ విడిపించబోతే వద్దన్నాను. వాళ్ళ రైలు వేళయ్యేదాకా అట్టాగే కూర్చున్నాను.