మగపెళ్లివారి వేణ్ణీళ్లు

అనంతపురం గ్రంథాలయంలో మనస్తత్వశాస్త్రం బీరువా తాళంచెవి ఎక్కడుంటుందో అక్కడి ఉద్యోగుల తర్వాత తెలిసినవాణ్ణి నేనే. కాలేజీ మెట్లెక్కలేదు గానీ, ఆ బీరువాను చాలావరకు చదివేశాను. అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది ఉత్తుత్తి జైలు ప్రయోగం. మామూలు కుర్రాళ్లను తెచ్చి కొందరిని ఖైదీలన్నారు, కొందరిని కాపలాదారులన్నారు. కొద్దిరోజులకే కాపలాదారులు రాక్షసులయ్యారట. ఇచ్చిన వేషమే మనిషిని ఆడిస్తుందని తేల్చారు. తర్వాతివాళ్లు ఒప్పుకోలేదు. గట్టిగా ఉండమని కాపలాదారులకు ముందే నూరిపోశారనీ, అయినా అందరూ క్రూరులు కాలేదనీ వాదించారు. ఏది నిజమో తేల్చే అవకాశం నాకు సోమందేపల్లెలో, మా చిన్నాయన కూతురి పెళ్లిలో దొరికింది.

అది మేనరికం. పెళ్లికొడుకు తల్లి మా మేనత్తే, చిన్నాయనకు సొంత అక్క. రెండువైపులా అవే చుట్టరికాలు. ముందురోజు మా ఇంట్లో ఉల్లిగడ్డలు తరిగిన బావ ఒకడు, అటు జనం తక్కువయ్యారని మగపెళ్లివారి విడిదికి పంపితే, తెల్లారేసరికి కుర్చీ వేయనిదే కూర్చోలేనివాడయ్యాడు. అతనితోపాటు వెళ్లిన ఇంకో బావ మాత్రం వచ్చి మా వంటవాళ్లకు బియ్యం మూటలు మోస్తూనే ఉన్నాడు. ప్రయోగానికి ఇంతకన్నా మంచి సరుకు ఏ విశ్వవిద్యాలయానికి దొరుకుతుంది?

పెళ్లిపొద్దున విడిదిలో వేణ్ణీళ్లు అయిపోయాయి. మా వైపు బోర్లు ఎండి చాలా కాలమైంది. వచ్చిన ట్యాంకరు వంటకే సరిపోయింది. రెండో ట్యాంకరు వచ్చేదాకా ఆగమన్నందుకు అత్త అలిగి చాపమీద కూర్చుంది. చిన్నప్పుడు బిందెడు నీళ్లకు పొలాలు దాటి నడిచిన మనిషి! తల్లి లేవనిదే కదలనన్నాడు పెళ్లికొడుకు. ముహూర్తం దగ్గరపడుతోంది. చిన్నాయన సొంత అక్క ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తగ్గొద్దమ్మా. ఈ పొద్దు తగ్గితే రేపు మనకు విలువుండదు" అంటున్నాడు పక్కనే పెళ్లికొడుకు పెదనాయన. నూరిపోసేవాడు కంటపడ్డాడని నాకు పట్టరాని సంతోషం కలిగింది. అక్కడికక్కడే ప్రయోగం వివరించడం మొదలుపెట్టాను. జైలనే మాట దగ్గర ఆయన లేచాడు.

"ఏమప్పా, నీళ్లడిగితే జైల్లో పెట్టిస్తావా?"

చిన్నాయన నన్ను బయటికి నెట్టాడు. శాస్త్రానికి ఇలాంటివి కొత్త కాదు.

అప్పుడొచ్చింది అవ్వ, ఆ అక్కాతమ్ముళ్లను కన్నతల్లి. తిట్టలేదు, బతిమాలలేదు. మా ఇళ్లల్లో పెళ్లికూతురికి బాసికం కట్టేది మేనత్త.

"అత్తగా అలిగినావు, సరే. మేనత్తవు గూడా గదా? పోయి పిల్లకు బాసికం కట్టు. మళ్లా వచ్చి ఈడనే అలుగుదువు, ఎవురొద్దన్నారు?"

అత్త ఆలోచించింది. న్యాయంగానే తోచినట్టుంది. మొహం కడుక్కుని వెళ్లి బాసికం కట్టింది, కోడలి గడ్డం పట్టుకుని చూసుకుంది. తర్వాత నేరుగా విడిది గుమ్మంలోకొచ్చి నడుమున చేతులు పెట్టుకుంది.

"ఏమప్పా మగపెళ్లోళ్లు, ముహూర్తం పోతాండాది. మా పిల్లను ఎంతసేపు కూర్చోబెడతారు? నీళ్లు నీళ్లంటే మేం యాడనుంచి తెచ్చేది?"

పెదనాయన చన్నీళ్లతోనే ముఖం కడుక్కున్నాడు. తాళి వేళకే పడింది.

నా తీర్పు ఇది: వేషం ఆడిస్తుందనే మాట నిజమే, కానీ ప్రతిసారీ చెవిలో ఎవరో చెప్పాలి. బియ్యం మోసిన బావ ఎందుకు మారలేదో మాత్రం ఏ పక్షం వాదనకూ అందలేదు. అతన్ని అడుగుదామని భోజనాల పంక్తిలోకి వెళ్లేసరికి, అత్త మళ్లీ వియ్యపురాలై, పప్పులో ఉప్పు చాల్లేదని తమ్ముణ్ణి పిలిపిస్తోంది.