చిత్రశాల కప్పుకు టేకు దూలాలు

నిన్న మనవరాలు బల్లకు వార్నిష్ పూస్తుంటే, ఆ ఘాటు ముక్కుకు తగలగానే, పటాలకు వార్నిష్ పూసే రాహేలమ్మ గుర్తొచ్చింది. నిజాం పాలన నాటి మాట. పట్నంలో మా విశ్వవిద్యాలయ చిత్రశాలకు ఆమె పెద్ద, పుట్టింది నారాయణఖేడ్‌లో. విరాళాల పనికి ఉన్నది మేమిద్దరమే. ఆమె మనుషులను కలిసేది, నేను ఉత్తరాలు రాసేదాన్ని. ఆ ఏడు కప్పు కారుతోంది. వానలలోపు బాగుచేయకపోతే శాల మూసి పటాలను గోదాములో వేస్తామని పైవాళ్లు తేల్చి చెప్పారు.

రాహేలమ్మ ఒక పటాన్ని దుప్పట్లో చుట్టి, నన్ను వెంటబెట్టుకుని తన ఊరికి బయలుదేరింది. ఎడ్లు కల్లం తొక్కుతున్న పటం అది. టేకు దుంగలున్న ఆ ఊరి పటేలు ఇంట్లో కూర్చున్నామో లేదో, నేను కంఠస్థం చేసిన మాటలన్నీ అప్పజెప్పి దూలాలు అడిగేశాను.

"గోడకు ఏలాడే బొమ్మలకు నా టేకెందుకు?" అన్నాడాయన.

రాహేలమ్మ నవ్వింది. "ఇయ్యకున్నా మంచిదే పటేలా. గని జర చూడు" అని పటం విప్పి వాకిట్లో గోడకు ఆనించింది. జొన్నలు చెరుగుతున్న కూలి మనిషి బాలమ్మ చాట పక్కన పెట్టి వచ్చింది. చాలాసేపు చూసి, "ఎడ్ల మూతులకు చిక్కాలేవి? గీ బొమ్మ గీసినోడు ఎన్నడు కల్లం చూడలే. పొద్దుగూకెదాక గింజలన్నీ అవే తింటయి" అంది.

పటేలు పకపక నవ్వుతూ లేచి వచ్చాడు. గడ్డివాము అటుండాలని ఆయన, గాలి ఎటు వీస్తుందో చూడమని బాలమ్మ. వాకిలి నిండా జనం చేరారు. చివరికి ఆయనే అడిగాడు, "దూలాలెన్ని గావాలె?" ఒక్కటే షరతు: శాల నడుమ ఆయన బొమ్మ పెట్టాలి.

"గోడ మీద జాగ గీసినోళ్లది పటేలా. నీ పేరు దూలం మీద చెక్కిస్త. తల ఎత్తినోళ్లందరు చదువుతరు" అంది రాహేలమ్మ. ఆయన కాసేపు మీసం దువ్వుకుని, ఒప్పుకున్నాడు.

తిరుగు దారిలో, తప్పుగా అడిగానని నేనే ఒప్పుకున్నాను. "నువ్వు తప్పడగలే బిడ్డా, ముందుగాల అడిగినవ్. ఇగ నెల రోజులు ఉత్తరాలు బంద్. శాలల నిలబడి, వచ్చినోళ్లు ఏమంటరో ఇను" అంది. విన్నాను. వానలకు ముందే కప్పు సిద్ధమైంది. కృతజ్ఞతల ఉత్తరాల్లో మొదటిది బాలమ్మకు రాయమంది రాహేలమ్మ.

"ఆమెకు చదువు రాదు కదమ్మా."

"చదివించుకుంటది. పదిమంది ఇంటరు."

తరువాత విరాళాల విభాగం నా చేతికొచ్చి నలుగురు చేరారు. కొత్తగా వచ్చిన ఎవరికీ మొదటి నెల బల్ల ఇవ్వలేదు. పటాల మధ్య నిలబెట్టాను. ఇప్పటికీ ఏ పని మీద ఎవరింటికి వెళ్లినా, ముందు వాళ్లు మాట్లాడేదాకా కూర్చుంటాను. అడగాల్సింది మరిచిపోయి వచ్చిన రోజులూ ఉన్నాయి.