క్లిప్పుల మధ్య గులాబీలు రాల్చిన మా చాంద్ భాయ్

నిన్న పొద్దున జావేద్ కాల్ చేశాడు. మన చాంద్ భాయ్ కొడుకు.

"అబ్బా పోయిండన్నా" అన్నాడు. అంతే.

మూడు వారాల కింద పెబ్బేరు సంతలో నా పక్కన కుర్చీలో కూర్చున్న మనిషి.

షాక్ అయ్యాను. నిజం. కానీ కాసేపటికి గుండె మీంచి ఏదో బరువు దిగిపోయినట్టు తేలిగ్గా అనిపించింది. ఎందుకో రాయాలి. రాయకపోతే నాకు ఊపిరాడదు.

తెలియని ఫ్రెండ్స్ కోసం: భాయ్‌ది వనపర్తిలో పెళ్లి వీడియోల మిక్సింగ్ షాప్. మన వైపు పెళ్లి సీడీల్లో రాలే గులాబీ రేకులు, ఈదే హంసలు చాలావరకు ఆయన పెట్టినవే.

నేనేమో రైతులకు చూపిద్దామని నెట్ సెంటర్లో కూర్చుని క్లిప్పులు డౌన్‌లోడ్ చేసేవాణ్ణి. ఊరివాళ్లే చెరువు బాగు చేసుకున్న క్లిప్పు, విత్తనం దాచుకునే పద్ధతి, పురుగుమందు కొట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ ఎందుకు కట్టుకోవాలో చూపించే క్లిప్పు. మొత్తం పదకొండు. కరపత్రం పంచితే దాంట్లో పల్లీలు కట్టుకుపోతున్నారు, టీవీలో చూపిస్తే చూస్తారని నా ఆశ.

ప్రాబ్లం ఏమిటంటే, ఒక్కో క్లిప్పు అయిపోగానే ప్లేయర్ ఆగిపోయి లిస్టుకు పోతుంది. మళ్లీ రిమోట్ నొక్కాలి. ఈలోపు జనం లేచిపోతారు.

అన్నీ కలిపి ఆగకుండా ఆడేలా చెయ్యి భాయ్ అని అడిగాను. రెండు రోజులు కూర్చుని, ఒక్కో సైజులో ఉన్న బొమ్మల్ని ఒక్క కొలతకు తెచ్చి, ఒకే సీడీ చేసి ఇచ్చాడు.

పెబ్బేరు పశువుల సంతలో, చాయ్ హోటల్ టీవీకి పెట్టాం. ముప్పై, నలభై మంది నిలబడ్డారు.

చెరువు బాగు చేసుకున్న క్లిప్పు అయిపోయింది.

స్క్రీన్ నిండా గులాబీ రేకులు రాలాయి.

తర్వాత పురుగుమందు క్లిప్పు. అది అయిపోగానే రెండు హంసలు, మధ్యలో గుండె బొమ్మ. జనం ఒకటే నవ్వు. "పెండ్లికొడుకు ఏడి?" అని ఒకాయన అడిగాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. రైతు చావుబతుకుల మధ్య హంసలా? సీడీ అయిపోగానే, అందరూ వింటుండగా భాయ్ మీద అరిచాను.

"పెండ్లిళ్ల మీద బతికేటోనికి జనం బాధ ఏం తెలుస్తది?"

ఆయన వైర్లు చుట్టుకుని, సంచి భుజాన వేసుకుని బస్సెక్కి పోయాడు.

ఆ రోజు జనం ఆఖరి దాకా నిలబడే చూశారు. కోపంలో నాకు నవ్వు ఒక్కటే వినిపించింది, ఇది కనిపించలేదు.

తర్వాతి సంతకు నేనే క్లిప్పులు కలిపి సీడీ చేశాను. పూలు లేవు, హంసలు లేవు. ప్యూర్. మొదటి క్లిప్పు అయిపోయి, రెండోది మొదలవడానికి ముందు నాలుగు సెకన్లు టీవీ నల్లగా అయింది. అయిపోయిందనుకుని జనం ఎద్దుల వైపు నడిచారు. నేనూ, హోటలాయనా మిగిలాం.

ఇంత తెలిసినా భాయ్ దగ్గరికి పోలేదు. నాలుగు నెలలు. ఊపిరితిత్తులు పాడై ఆయన దవాఖానలో ఉన్నాడని విన్నా పోలేదు. సిగ్గు అని చెప్పుకున్నాను. అహంకారం అది.

ఇంటికి తెచ్చారని తెలిశాక పోయాను. మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. నన్ను చూసి, "ఏం తమ్మీ, టీవీ నల్లగైందంట?" అన్నాడు.

సంతలో జరిగిందంతా ఎవరి ద్వారానో విన్నాడు. పెళ్లి సీడీలో పూలు రాలితే ఇంకేదో వస్తుందని మనవాళ్లు కూర్చుంటారు, ఆ అలవాటు చూసే పెట్టాను అని అప్పుడు చెప్పాడు. జనాన్ని నేను పుస్తకాల్లో చదివాను. ఆయన వాళ్ల ఇళ్లల్లో కూర్చుని చూశాడు.

తప్పయింది భాయ్, ఆ మాట వాపస్ తీసుకుంటున్నా అన్నాను.

"గుచ్చుకుంది తమ్మీ. గుచ్చుకోలేదని అబద్ధం చెప్ప. సంతల అన్నవ్, సంతలనే వాపస్ తీస్కో."

నీకు బాగయ్యాక పోదాం అన్నాను.

"గీ సంతకే పోదాం. నాకు బాగైతదని నీకెవడు చెప్పిండు?"

జావేద్, నేను జీపులో తీసుకుపోయాం. అదే హోటల్ ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టాం. నిలబడి గట్టిగా చెప్పాను: ఈయనకు జనం బాధ తెలుసు, తెలియనిది నాకే, ఆ రోజు అన్నది తప్పు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకాయన బీడీ ఆర్పేశాడు.

భాయ్ తల ఊపాడు. "సరే. ఇగ బొమ్మ పెట్టు" అన్నాడు.

పదకొండు క్లిప్పులూ ఆడాయి.

నిన్న భాయ్ భార్య, మా భాభీ చెప్పింది. నెల రోజులుగా పడుకుంటే ఊపిరాడక కూర్చునే నిద్రపోయేవాడట. నిన్న పొద్దున చాయ్ తాగి, గోడకు ఆనుకుని, అట్లనే కళ్లు మూశాడట. "కష్టపడలే బేటా, జర గూడ కష్టపడలే" అంది. ఆ మాటకు నాకు ఏడుపు రాలేదు. హాయిగా అనిపించింది. ఎవరేమనుకున్నా సరే.

భాయ్ పోయాడని నిన్న నేను పెట్టిన పోస్టు కింద 'ఉత్త పెళ్లి వీడియోలాయన' అని ఒకడు కామెంట్ పెట్టాడు. తమ్ముడూ, సరిగ్గా నీలాగే నేనూ అన్నాను. తీసెయ్.

బాగయ్యాక పోదామన్న నా పంతమే నెగ్గి ఉంటే, సంతలో అన్న మాట నిన్న ఆయనతో పాటే మట్టిలోకి పోయేది. నా బతుకంతా నాకు గుచ్చుకుంటూనే ఉండేది. అట్లా పోలేదు. ఆయన పట్టుబట్టి నన్ను కాపాడాడు.

ఖుదా హాఫిజ్, చాంద్ భాయ్. ఇప్పుడు నిండా ఊపిరి పీల్చుకో, వెల్లకిలా పడుకో, నెమ్మదిగా నిద్రపో.