మునిరత్నం మామ ఒత్తు వినబడే హెడ్‌ఫోన్

చెవుల మీద మెత్తటి దిండ్లు రెండూ ఆనుకోగానే బజారు మొత్తం ఎవరో తలుపేసినట్టు అవతలికి వెళ్లిపోయింది. ఆటోల హారన్లు, పక్క షాపువాడి కేకలు, నెత్తిమీద తిరుగుతున్న ఫ్యాను, అన్నీ మాయం. మిగిలింది నా ఊపిరి ఒక్కటే. తిరుపతిలో ఒక ఎలక్ట్రానిక్స్ షాపులో స్టూలు మీద కూర్చుని జీవితంలో మొదటిసారి ఒక మంచి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. ఇంకా పాటేమీ మొదలు కాలేదు, అయినా నాకు నవ్వు ఆగలేదు. షాపాయన నా ముఖం చూసి సంబరపడి తన ఫోన్లోంచి ఏదో దుమ్ములేపే పాట పెట్టబోయాడు. వద్దన్నాను. నాకు కావలసింది నా ఫోన్లోనే ఉంది. నా పెళ్లినాటి మేళం.

ఇన్నేళ్లూ ఫోనుతో వచ్చిన ఇయర్‌ఫోన్లతోనే సరిపెట్టుకున్నదాన్ని. ఒక చెవి పనిచేస్తే ఒక చెవి పనిచేయదు, వైరు మెలిపెట్టి పట్టుకుని బస్సులో వేలాడుతూ వినడం. ఈసారి పట్టుబట్టాను. మరీ చవకది వద్దు, నెత్తిన పెట్టుకోవడానికే భయమేసేంత ఖరీదైనదీ వద్దు, మధ్యరకం ఒకటి, అచ్చంగా సంగీతం వినడానికే. ఇక చూడండి, ఇంట్లో రోజూ హెడ్‌ఫోన్ల సమీక్షల వీడియోలే. మా ఆయన పాపం నాతోపాటు కూర్చుని చూసీ చూసీ తల ప్రాణం తోకకొచ్చి, ఏదో ఒకటి కొను తల్లీ అన్నాడు. ఒకడు బేస్ అదిరిపోతుందంటాడు, ఒకడు బ్యాటరీ గొప్పదంటాడు. నాకు కావలసింది మాత్రం ఒక్కడూ చెప్పడు. ఆ మేళంలో మునిరత్నం మామ ఊదిన ఒత్తు నాకు వినబడాలి. అది వినిపించేదే మంచి హెడ్‌ఫోన్. నా లెక్క అంతే.

మునిరత్నం మామ మాకు చుట్టమేమీ కాదు. పాకాలలో మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒకటే గోడ. మా నాయన రైల్వేలో పనిచేసేవాడు, వాళ్లది మేళం కుటుంబం. మామ తమ్ముడు గురవయ్య నాదస్వరం వాయించేవాడు. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లంటే ఆయన మేళమే కావాలనేవాళ్లు, శాలువాలన్నీ ఆయన భుజం మీదికే వచ్చేవి. మామది ఒత్తు. చూడ్డానికి అదీ నాదస్వరంలాగే పొడుగ్గా ఉంటుంది కానీ దాని మీద వేళ్లాడించే పని లేదు. ఒకే ఒక్క స్వరం. మేళం మొదలైన దగ్గర్నుంచి ముగిసేదాకా ఆ ఒక్క స్వరాన్నే తెగకుండా ఊదుతూ ఉండాలి. ముక్కుతో గాలి పీలుస్తూనే, బుగ్గల్లో దాచుకున్న గాలిని నోటితో వదులుతూ ఉండాలి. తమ్ముడి రాగం ఎంత దూరం తిరిగొచ్చినా వచ్చి కాలుమోపేది అన్న పట్టి ఉంచిన ఆ స్వరం మీదే.

ఇదంతా విని మామ ఏ మూలో ఒదిగి కూర్చునే సాధుజీవి అనుకునేరు. అబ్బే. జుట్టుకు రంగు, మెలితిప్పిన మీసం, జరీ అంచు పంచె, ఫొటో తీస్తున్నారంటే అందరికంటే ముందు నిలబడేది ఆయనే. ఎవరైనా పొరపాటున 'నువ్వు డోలు కదా' అన్నారంటే ఒంటికాలి మీద లేచేవాడు. పొద్దున్నే గోడకవతల సాధన మొదలుపెడితే మా ఇంట్లో ఎవరి మాటా ఎవరికీ వినబడేది కాదు. ఒకనాడు మా అమ్మ విసిగిపోయి, ఇంకొక స్వరం కూడా నేర్చుకోకూడదా అన్నా అని గోడ మీదుగా అడిగింది. ఆయన ఊదడం ఆపి, ఎంతో శ్రద్ధగా జవాబిచ్చాడు.

"ఇదే ఇంకా సరిగ్గా రాలేదు గదమ్మా."

మా అమ్మ ఆ రోజంతా నవ్వుతూనే ఉంది. నేను మాత్రం గోడెక్కి ఆయన బుగ్గలనే చూస్తూ కూర్చున్నాను. అప్పటినుంచి నేను ఆయన వెంటపడ్డాను, ఆయన నాకు వినడం నేర్పాడు. పాడడం కాదు, వాయించడం కాదు, వినడం. దగ్గరి పెళ్లిళ్లకు మేళంతోపాటు నన్నూ తీసుకుపోయేవాడు. జనం అందరూ నాదస్వరం మీదికి ఎగబడుతుంటే నన్ను మాత్రం తన పక్కన కూర్చోబెట్టుకుని ముందే చెప్పి పెట్టేవాడు.

"కండ్లు మూసుకో పాపా. మా తమ్ముడ్ని పక్కన పెట్టు. డోలు పక్కన పెట్టు. తాళం గూడా తీసెయ్. ఇంకేం మిగిలుండాదో సూడు."

మొదట్లో నాకేమీ మిగిలేది కాదు. డోలు దెబ్బ పక్కకు పొమ్మంటే పోతుందా? బుద్ధిగా కళ్లు మూసుకుని, వినబడింది వినబడింది అని అబద్ధమాడితే ఆయన ఇట్టే పట్టేసేవాడు. ఒకసారి పూతలపట్టు దగ్గర ఒక పెళ్లిలో, అరుగు మీద కూర్చుని ఉండగా, హఠాత్తుగా దొరికింది. అన్నిటికీ అడుగున, నేలంత వెడల్పుగా, కదలకుండా ఒక నాదం. నా వీపు జలదరించింది. ఒక్కసారి వినబడిందా, ఇక అది వినబడకుండా పోవడమంటూ లేదు. నాదస్వరం కూడా మారిపోయింది, అంతకుముందు ఊరికే గాల్లో తిరిగేది, ఇప్పుడు ఎక్కడినుంచి బయల్దేరిందో ఎక్కడికి వచ్చి చేరుతుందో నాకు తెలిసిపోతోంది. అరుగు మీదే గెంతులేశాను. పెళ్లివాళ్లు ఈ పిల్లకేమైంది అన్నట్టు చూశారు.

అంతటితో మామ ఊరుకోలేదు. ఒత్తు లేకపోతే ఏమవుతుందో కూడా నేను చూడాలట. మర్నాటి పెళ్లిలో నీకోసం ఒకపారి ఆపుతా, జనాన్ని సూడు అన్నాడు. అన్నట్టే చేశాడు మహానుభావుడు. తమ్ముడు మంచి ఊపులో ఉన్నప్పుడు, నావైపు కనుబొమ్మలెగరేసి ఒత్తు నోట్లోంచి తీసేశాడు. మండపంలో ఎవరికీ ఏం జరిగిందో తెలియలేదు, కానీ అందరికీ ఏదో జరిగింది. మాటలు ఆగిపోయాయి. వడ్డించేవాళ్లు ఆగి చూశారు. ఒక అవ్వ పైకి చూసి, కరెంటు పోయినాదా అని అడిగింది. గురవయ్య మామ రాగం నడిమధ్యలో గుడ్లురిమి చూసేసరికి మళ్లీ అందుకున్నాడు. ఆ రోజు సాయంత్రందాకా తమ్ముడు అన్నతో మాట్లాడలేదు. మామకు చీమ కుట్టినట్టయినా లేదు, బండిలో తిరిగొచ్చేటప్పుడు ఆ అవ్వ మాట తలుచుకుని తలుచుకుని నవ్వాడు.

ఆ పాఠం నాకు సంగీతంలో కంటే బతుకులోనే ఎక్కువ పనికొచ్చింది. నేనిప్పుడు తిరుపతిలో ఒక ఆసుపత్రిలో మందుల స్టోరు చూస్తాను. మందు అల్మరాలో ఉన్నంతకాలం నేనొకదాన్ని ఉన్నట్టు ఎవరికీ గుర్తుండదు. ఒక్క ఇంజెక్షన్ అయిపోయిందా, మూడంతస్తులూ నా పేరే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ గోడు ఆయన దగ్గర వెళ్లబోసుకుంటే జాలిపడతాడనుకున్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. అట్లయితే నువ్వు మా కులవృత్తిలోనే చేరినావు పాపా అని వీపు చరిచాడు. నాకు ఒళ్లు మండింది. మర్నాడు స్టోరు తాళం తీస్తుంటే మాత్రం ఎందుకో నా నడక కొంచెం మారింది.

తర్వాత శ్రుతిపెట్టె వచ్చింది. కరెంటుతో నడిచే చిన్న డబ్బా, మీట నొక్కితే చాలు, అలిసిపోకుండా రోజంతా ఒకే స్వరం పలుకుతుంది. మేళాలన్నీ ఒక్కొక్కటిగా దానికి మారాయి. మామకూ ఆయాసం ముదిరింది, గురవయ్య మామ కూడా పెట్టె కొన్నాడు. సరిగ్గా అప్పుడే నా పెళ్లి కుదిరింది. మామ ఒకే మాట మీద కూర్చున్నాడు. పాప పెండ్లికి డబ్బా మోగితే నేను ఆ మండపంలో అడుగుపెట్టను అన్నాడు. డాక్టరు వద్దన్నా, ఇంట్లో వాళ్లు వద్దన్నా వినలేదు. వచ్చి ఊదాడు. నేను పీటల మీద ఉన్నాను, నా చుట్టూ పురోహితుడు, వీడియో లైట్లు, చుట్టాల మాటలు. ఆయన ఊదుతున్నాడని తెలుసు కానీ నిమ్మళంగా వినలేకపోయాను. అదే ఆయన చివరి మేళం. రెండేళ్ల క్రితం ఆయన వెళ్లిపోయాడు.

ఇప్పుడర్థమైంది కదా, ఆ స్టూలు మీద నేనెందుకు అంత గింజుకుంటున్నానో. ఆయన ఊదిన ఆ స్వరం భూమ్మీద ఇంకెక్కడా లేదు. నా పెళ్లి వీడియోలోనే ఉండాలి.

షాపాయన ఓపికకు దండం పెట్టాలి. మొదట బ్లూటూత్‌ది ఇచ్చాడు. డోలు దెబ్బకు నా దవడలు అదిరాయి, అడుగున ఏమీ లేదు. ఇంకొకటి, నాదస్వరం సూదిలా గుచ్చుకుంది, అడుగున ఏమీ లేదు. కొననని తెలిసీ అద్దాల అల్మరాలోంచి అన్నిటికంటే ఖరీదైనది తీసి పెట్టాడు. అబ్బ, తాళాల చప్పుడు కూడా ఎడమవైపు నుంచి విడిగా వినబడింది. మా పెద్దత్త దగ్గు వినబడింది. ఒత్తు లేదు. నాకు ఏడుపొచ్చేసింది. కళ్లు మూసుకున్నాను, ఆయన నేర్పినట్టే ఒక్కొక్కదాన్నే పక్కన పెట్టాను. మిగలాల్సిన చోట నిశ్శబ్దం మిగిలింది. నా చెవులు పాడయ్యాయా అనుకున్నాను. షాపాయనకు సంగతంతా చెబితే ఆయన ఫోను తీసుకుని తానూ విన్నాడు, తల అడ్డంగా ఊపాడు.

"ఫైల్లో లేనిది హెడ్‌ఫోన్లోకి యాడి నుంచి వస్తాది మేడమ్?"

ఆదివారం పొద్దున్నే పాకాల రైలెక్కాను. పెళ్లి వీడియో తీసిన సుబ్రమణ్యం స్టూడియో స్టేషను దగ్గరే. విషయం చెప్పగానే అతను గర్వంగా నవ్వాడు. ఆ పొద్దు రికార్డింగు అంతా ఫ్యాను తిరిగినట్టు ఒకటే గుయ్యిమంటా ఉండెనంట, ఎంతో కష్టపడి కంప్యూటర్లో పెట్టి ఆ శబ్దాన్ని మొత్తం తీసేసినాడంట, నీట్‌గా వచ్చింది కదా మేడమ్ అని నన్నే అడిగాడు. అతన్ని ఏమనాలి? కంప్యూటరుకేం తెలుసు, పొద్దుటినుంచి ఒకే స్వరం మీద మోగేది ఏదైనా దానికి ఫ్యానే. మంచి చేద్దామనే చేశాడు. అసలుది ఉందా అని అడిగాను. పాత డిస్కులు కొన్ని వానకు తడిసిపోయాయన్నాడు. ఒక అట్టపెట్టె దించాడు, అందులోని డిస్కుల్ని వరసగా తగిలించి చూస్తున్నాడు. కొన్నిటికి ఉలుకూ పలుకూ లేదు. కాలు కాలిన పిల్లిలా ఆ చిన్న గదిలోనే తిరిగాను. ఇక లేదేమో అనుకుంటుండగా తెరమీద మా నాయన ముఖం కనబడింది, కొత్త చొక్కాలో.

ఆ అసలు రికార్డింగును ఫోన్లో వేసుకుని రైలు దిగీ దిగగానే మళ్లీ అదే షాపుకు పరుగెత్తాను. ఈసారి షాపాయనకు నాకంటే ఆత్రం. వేరే బేరాలు వదిలేసి మళ్లీ మొదటినుంచి పెట్టాడు. బేస్ ఎక్కువైనదాంట్లో డోలు మీదపడి అంతా కప్పేసింది. చివరికి మధ్యరకంలో ఒకటి తీశాడు, నల్లటిది, వైరుది, ఫోనుకు తగిలించడానికి ఒక చిన్న ముక్క కూడా కావాలి, ఈ కాలంలో వైరువి ఎవరూ అడగరు మేడమ్ అంటూనే. పెట్టుకున్నాను. వచ్చింది. వెతకనక్కర్లేకుండా, పక్కన పెట్టనక్కర్లేకుండా, అడుగంతా పరుచుకుని వచ్చింది. ఆయన ముక్కుతో గాలి లాక్కునే చప్పుడు కూడా వచ్చింది. మామా అని పైకే అనేసినట్టున్నాను, షాపులో వాళ్లందరూ నావైపు తిరిగారు. ఇదే ఇవ్వండి అన్నాను.

ఇంటికొచ్చి మొత్తం విన్నాను. అప్పుడే తెలిసింది నాకు తెలియనిది. మంగళసూత్రానికి కొంచెం ముందు ఒత్తు వణికింది. గాలి చాలడం లేదు. ఇక తెగిపోతుంది అనుకునేంతలో, రాగంలో ఎక్కడో పైన ఉన్న నాదస్వరం గబగబా కిందికి దిగొచ్చి అదే స్వరం మీద నిలబడింది. కదల్లేదు. ఒత్తు మళ్లీ కుదురుకున్నాకే పైకెళ్లింది. ఇంకాస్తసేపటికి మళ్లీ అలాగే. నా పెళ్లంతా అలాగే జరిగింది, నేను ఎరగనే ఎరగను.

ఆగలేకపోయాను. మరుసటి సెలవు రోజు హెడ్‌ఫోన్ సంచిలో పెట్టుకుని గురవయ్య మామ దగ్గరికి పోయాను. ఇప్పుడు వాయించడం లేదు, మేళం కొడుకు చూసుకుంటున్నాడు. నా పెళ్లి మేళం వినమంటే, మా అన్న ఊదింది యాడుండాది పాపా, నీ పెండ్లి వీడియోలో అంతా తీసేసినారు గదా అన్నాడు. ఆయన తలకు హెడ్‌ఫోన్ తగిలించి పెట్టాను. మొదట ఉలిక్కిపడ్డాడు. తర్వాత మోకాళ్ల మీద వేళ్లు కదలడం మొదలైంది, ఒక్కో రంధ్రం మూస్తూ తెరుస్తూ. ఒకచోట ఆ వేళ్లు చప్పున ఆగి, బిగుసుకుని, అలాగే ఉండిపోయాయి. ఏ చోటో నాకు తెలుసు. చెవులు మూసుకుపోయి ఉన్నాయి కాబట్టి తానెంత గట్టిగా మాట్లాడుతున్నాడో ఆయనకు తెలియదు, వీధంతా వినబడింది.

"ఊదన్నా, ఊదు. నేనీడనే ఉండా."

ఇప్పుడు రోజూ ఆసుపత్రికి పోయే బస్సులో ఆ మేళం వింటాను. ఒత్తు వణికే చోటు వచ్చేసరికి నాకు తెలియకుండానే ఊపిరి బిగబట్టుకుంటాను. నాదస్వరం దిగొచ్చి పక్కన నిలబడ్డాకే వదులుతాను.