టిక్కులమ్మ

ఆడిట్ ఆఫీసుకి ఏడాది శిక్షణ కోసం వచ్చిన డిగ్రీ అమ్మాయికి అక్కడివాళ్ళు పెట్టిన పేరు టిక్కులమ్మ. చెవి మీద ఆకుపచ్చ పెన్సిలు, అదే రంగు అంటిన బొటనవేలు. కాగితం మీది మాట నిజమో కాదో చూసి పక్కన టిక్కు పెట్టడమే ఆమె పని. పదకొండు నెలల్లో ఆ అలవాటు ఒంటికి పట్టేసింది. పేపర్లో ‘నేడు వాన’ అని ఉంటే సాయంత్రందాకా కిటికీలోంచి చెయ్యి చాపి, చినుకు పడ్డాకే టిక్కు పెట్టేది. "నేను మీ అమ్మనేనా, దానికీ కాగితం చూపించాలా?" అని తల్లి తల కొట్టుకునేది.

చివరి వారం, ఆమె పనితీరు మీద సీనియరు రాసిన నివేదిక పొరపాటున ఆమె సరిచూడాల్సిన కాగితాల కట్టలోనే కలిసిపోయింది. అది బాగుంటేనే డిగ్రీ చేతికొచ్చేది. మర్నాడు ఆ కాగితం సీనియరు బల్ల మీదికి తిరిగొచ్చింది. ‘వేళకు వస్తుంది’, టిక్కు. ‘చదవకుండా టిక్కులు పెడుతుంది’, దానికీ టిక్కే.

సీనియరు ఎగిరి గంతేశాడు. "దొరికిపోయావమ్మా! ఇదీ చదవకుండానే పెట్టేశావు!"

"చదివే పెట్టాను సార్. మొన్న మీరే ‘చదువుతూ కూర్చోకు, పెట్టేయ్’ అన్నారుగా? ఆ రోజు నలభై కాగితాలు చదవలేదు. నిజమే కదా అని టిక్కు పెట్టాను. మీ సంతకం లేదని కింద రాశాను కూడా. చదవలేదా సార్?"

ఆయన ఆ వాక్యం కొట్టేసి సంతకం పెట్టాడు. ఆమె సిరా ఆరేదాకా ఆగి, ఆ సంతకం పక్కన టిక్కు పెట్టింది.