మత్తు డాక్టర్ చెప్పని మాట

నేను పుట్టిన పదకొండో రోజునే మా అత్త, అంటే మేనమామ భార్య, నన్ను ఒళ్లో వేసుకుని ఇది నా కోడలేనని తేల్చేసిందట. వరంగల్ షావుకార్ల ఇళ్లలో అదేం వింత కాదు. మామకు కొత్తవాడలో జంపఖానాల దుకాణం. సెలవుల్లో నేనూ బావా ఆ కట్టల మీద దొర్లి తిట్లు తినేవాళ్లం. పెద్దయ్యాక దొర్లడం మానేశాం గాని, బావ మా వీధిలోకి బండి తిప్పాడంటే హారన్ కొట్టకముందే నాకు తెలిసిపోయేది. సిగ్గెందుకు, ఆ మనిషంటే నాకు ప్రాణం.

లగ్నం పెట్టుకుందామనుకున్న ఏడాదే అమ్మకు పిత్తాశయంలో రాళ్లన్నారు. హన్మకొండలో ఆపరేషన్ గంటలో అయిపోయింది. కానీ అమ్మ తనంతట తాను ఊపిరి తీసుకోలేదు. సాయంత్రం దాకా మిషన్ మీదే ఉంచారు. దీపాలు పెట్టే వేళకు కోలుకుని, మా కిరాణా దుకాణం ఎవరు చూస్తున్నారని అడిగింది.

మత్తు డాక్టర్ మమ్మల్ని కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పాడు. ఆపరేషన్‌లో కండరాలు వదులు కావడానికి ఒక మందు ఇస్తారట. మామూలుగా ఒంట్లోని ఒక పదార్థం దాన్ని నిమిషాల్లో విరిచేస్తుంది. అమ్మకు అది పుట్టుకతోనే సరిగా పనిచేయదు. ఇలాంటి వాటి జన్యువులు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. ఒకటి బలహీనమైనా రెండోది చాలావరకు కాపు కాస్తుంది. తరతరాలుగా మీలో మీరే ఇచ్చిపుచ్చుకుంటుంటే రెండు వైపులా అదే బలహీనత వచ్చి చేరుతుంది. పంటైనా, పశువైనా, మనిషైనా వేర్వేరు రకాలు కలిస్తేనే జాతి నిలుస్తుందన్నాడు. ఆ వెంటనే ఇదీ అన్నాడు.

"ఇది రోగం కాదమ్మా. ఆపరేషన్‌కు ముందు డాక్టర్‌కు చెప్పుండ్రి, అంతే."

ఆ చివరి మాట మావాళ్ల చెవికెక్కలేదు. నాకూ బావకూ పరీక్షలు చేయించారు. ఇద్దరిలోనూ ఆ బలహీనత ఉందని రాగానే నాన్న, మామ లగ్నం మాట ఆపేశారు. పెళ్లి మానుకొమ్మని డాక్టర్ ఒక్కసారి కూడా అనలేదు. ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే.

ఒకరోజు బావ మా దుకాణం ముందు బండి ఆపాడు.

"నువ్వేమంటవ్? నువ్వు ఊ అంటె నేను మా నాయినతోని కొట్లాడ్త."

పెద్దోళ్లు ఎట్లంటే అట్ల అన్నాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు. బావ వచ్చి అడిగాడు కూడా, పెట్టనిది నేనే.

ఏడాది తిరక్కుండా నన్ను కరీంనగర్ సంబంధానికి ఇచ్చారు. చుట్టరికం లేదని అందరూ సంబరపడ్డారు. వాళ్లూ మా కులం షావుకార్లేనని, వెతికితే అందరి తాతలూ ఎక్కడో ఒకచోట వియ్యంకులేనని ఎవరికీ తట్టలేదు. పెళ్లికొడుకుకు పరీక్ష చేయించాలని అసలే తట్టలేదు. మా ఆయన మంచివాడు, అది కూడా రాయాలి. అయినా బజారులో ఎక్కడ కొత్త జంపఖానా విప్పినా, ఆ నూలు వాసనకు నా కాళ్లు ఆగిపోతాయి.

మొన్న మా పాపకు టాన్సిల్స్ ఆపరేషన్ అన్నారు. ముందే అమ్మ సంగతి చెప్పాను. పరీక్షిస్తే పాపకు రెండు వైపుల నుంచీ వచ్చిందని తేలింది. ఆ మందు మానేసి వేరేది ఇచ్చారు. సాయంత్రానికి పిల్ల ఐస్‌క్రీం కోసం పేచీ పెట్టింది. చుట్టాలందరికీ చెప్పమని డాక్టర్ అంటే, ఇన్నేళ్ల తర్వాత బావకు ఫోన్ చేశాను.

బావ అంతా విన్నాడు. వాళ్ల బాబుకు కూడా నిరుడే తేలిందన్నాడు. వాళ్లావిడది ఖమ్మం, మా కులమే అయినా బయటి సంబంధం. అటువైపు ఎవరో జంపఖానా దులుపుతున్న చప్పుడు వినిపించింది.

"మనం చేసుకున్నా గింతే అయ్యేది గదనే" అన్నాడు.

ఊ అన్నాను. పన్నెండేళ్ల కింద, దుకాణం ముందు అనాల్సిన ఊ అది.